మూడో వంతెన లోపు

నది మీద ఇద్దరు పట్టే చిన్న పడవ. ముందు అత్తగారు, వెనక అల్లుడు. తెడ్లు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నాయి. పడవను నడిపిస్తున్నది మాత్రం నదే.

"ఆగండి అల్లుడుగారూ. మీరు అటు వేస్తున్నారు, నేను ఇటు వేస్తున్నాను. పడవేమో గానుగెద్దులా ఇక్కడిక్కడే తిరుగుతోంది."

"పడవలాయన అలాగే వెయ్యమన్నాడు కదా అత్తయ్యా. ఒకరు కుడి, ఒకరు ఎడమ."

"ఆయన ఒడ్డున నుంచుని చెప్పాడు. ఒడ్డున నుంచుంటే నేనూ చెప్తాను."

"పోనీ మీరు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. నేను చూసుకుంటాను."

"మీరు చూసుకుంటానన్న మా వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉంది."

"పోయిన ఆదివారం వాషర్ మార్చాను కదా!"

"మార్చారు. అంతకు ముందు చుక్కచుక్కగా కారేది. ఇప్పుడు ధారగా కారుతోంది. ఫర్వాలేదులెండి, కింద బకెట్టు పెట్టాను."

"లిఫ్టులకీ కుళాయిలకీ తేడా ఉంటుంది అత్తయ్యా. ఇరవై అంతస్తుల లిఫ్టు ఇచ్చి చూడండి, గంటలో బాగు చేస్తా."

"మాది డాబా ఇల్లు. ఏం చేస్తాం."

"రేపొచ్చి మళ్ళీ చూస్తాను. రేపు... రేపు కాదేమో."

"ఏం, రేపు ఆదివారమేగా?"

"ఆదివారమే. అదే చెప్దామనుకుంటున్నా. అత్తయ్యా, మీతో ఒక మాట—"

"కొంగ."

"ఆఁ?"

"అదిగో, ఆ తుప్ప పక్కన. ఒంటికాలి మీద ఉంది. చూశారా?"

"చూశాను. బాగుంది. అత్తయ్యా, నేను చెప్పొచ్చేదేంటంటే—"

"గట్టిగా మాట్లాడకండి, ఎగిరిపోతుంది."

"..."

"ఎగిరిపోయింది. మీరు ఊరుకున్నా ఎగిరిపోయింది. పాపం, మీ తప్పేం లేదు."

"ఇప్పుడు చెప్పనా?"

"ముందు ఆ మ్యాపు ఇటివ్వండి. ముప్పై రెండేళ్ళు భూగోళం చెప్పినదాన్ని వెనక్కి కూర్చోబెట్టి లిఫ్టులాయన మ్యాపు పట్టుకోవడమేంటి?"

"మీరు ముందే కూర్చున్నారు అత్తయ్యా. వెనకున్నది నేను."

"అయితే మ్యాపు కూడా ముందుకే రావాలి. ఇవ్వండి. ఆఁ. మొదటి వంతెన దగ్గర చిన్న ఊరు, పాత పిండిమిల్లు. రెండో వంతెన దగ్గర ఇంకో ఊరు, గడియారం బురుజు. అక్కడ మెట్లుంటాయి, భోజనానికి ఆగొచ్చు. మూడో వంతెన దగ్గర వాళ్ళ వ్యాను. అంతే. మధ్యలో రెండు వైపులా కొండలు, కొండల మీద ఆకాశం."

"నాలుగు గంటల ప్రయాణమన్నాడు."

"బాగుంది. చాలా నిశ్శబ్దంగా ఉంది. అమ్మాయి భలే చోటు చూసి పెట్టింది. టిక్కెట్లు తీసింది తను, పొద్దున్నే లేపింది తను, తీరా ఎక్కే టైముకి తను లేదు."

"ఆఫీసులో ఏదో అర్జంటు పని పడింది."

"శనివారం నాడు."

"శనివారమే పడింది."

"పెళ్ళాంతో నౌకావిహారం చేసినవాళ్ళని చూశాను గానీ, అత్తగారితో చేస్తున్నవాళ్ళని మిమ్మల్నే చూడ్డం."

"నాకేం ఇబ్బంది లేదత్తయ్యా."

"నాకూ లేదు. మీ మొహం కనపడకుండా వెనకెక్కడో ఉన్నారు కాబట్టి ఇద్దరికీ హాయి."

"మొదటి వంతెన వచ్చేసింది."

"అప్పుడే! పిండిమిల్లు ఏదీ? అదా? తాళం వేసి ఉందే. ఆ వంతెన మీద చూడండి, సైకిళ్ళ వాళ్ళు. ముసలాయన కూడా తొక్కుతున్నాడు. ఏమండోయ్, బాగున్నారా!"

"తెలిసినవాళ్ళా?"

"కాదు. చెయ్యూపాడు, అడిగాను. మీకు తెలిసినవాళ్ళని కూడా పలకరించే అలవాటు లేదు కదా, వింతగానే ఉంటుంది."

"అదేంటత్తయ్యా, అలా అంటారు?"

"ఇప్పుడు కాదులెండి. మునుపటి సంగతి. పెళ్ళైన పదకొండేళ్ళలో మీరు మా ఇంటికి ఎన్నిసార్లొచ్చారో చెప్పనా? ఏడు. అందులో రెండుసార్లు కారు దిగలేదు. వీధిలోంచే హారన్ కొట్టి అమ్మాయిని ఎక్కించుకుపోయారు."

"ట్రాఫిక్కు ఉండేది."

"మా వీధిలోనా? మా వీధిలో ట్రాఫిక్కంటే పాలవాడి సైకిలు. సరే, అదంతా ఎందుకిప్పుడు. ఈ ఏడాది, ఏడాదిన్నర నుంచీ మీరు చాలా మారారు. ఆదివారం తొమ్మిది కొట్టేసరికి గుమ్మంలో ఉంటున్నారు. పేపరువాడైనా నాగా పెడుతున్నాడు గానీ మీరు పెట్టట్లేదు. కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కప్పు కారితే ఎక్కి రేకు వేశారు."

"అదీ కారుతోందా?"

"లేదు. అది నిలిచింది. అందుకే చెప్తున్నా."

"అత్తయ్యా, ఆ మారడం గురించే నేను మీకు—"

"ఆవు."

"ఎక్కడ?"

"నీళ్ళల్లో. మనకి అడ్డంగా. తెడ్డు వెయ్యండి, తెడ్డు! ఏమ్మా, కాస్త దారివ్వవూ? ఇటు మేం పోవాలి. అదిగో, అలా. బంగారు తల్లి. చూశారా, అడిగితే జరిగింది."

"ఆవుతో మాట్లాడినంతసేపైనా నాతో మాట్లాడరేం అత్తయ్యా?"

"ఇంతసేపూ మాట్లాడుతున్నది ఎవరితో?"

రెండో వంతెన. ఊరి మెట్లకు పడవ కట్టేసి ఉంది. అత్తగారు ఎదురుగా ఉన్న కొట్లో టోపీలు చూస్తున్నారు. అల్లుడికి ఫోను.

"చెప్పావా?"

"ఇంకా లేదు."

"రెండు గంటలైంది పడవెక్కి!"

"రెండు గంటల్లో ఒక కొంగ, ఒక ఆవు, మూడు లకుముకిపిట్టలు వచ్చాయి. మీ అమ్మ నన్ను నోరు తెరవనిస్తేగా."

"ఆవేం చేసింది నిన్ను?"

"ఏం చెయ్యలేదు. అడ్డంగా నిలబడింది. నేను చెప్పబోయే టైముకే నిలబడింది."

"చూడు, పడవే ఎందుకు పెట్టానో తెలుసుగా. ఇంట్లో అయితే లేచి వంటింట్లోకి పోతుంది. హోటల్లో అయితే బాత్రూంలోకి పోతుంది. నది మధ్యలో ఎక్కడికీ పోలేదు. నువ్వూ పోలేవు."

"తెలుసు."

"రేపు పదకొండింటికి ఆయన్ని భోజనానికి తీసుకొస్తున్నా. నువ్వు ఇవాళ చెప్పకపోతే అమ్మ తలుపు తీసి 'అల్లుడుగారేరీ, ఈయనెవరూ' అంటుంది. నేనేం చెప్పను?"

"పళ్ళ డాక్టరని చెప్పు."

"జోకులెయ్యకు."

"జోకేముంది. ఆయన పళ్ళ డాక్టరేగా."

"మనకి విడాకులై పద్నాలుగు నెలలు. పద్నాలుగు! అప్పుడంటే అమ్మకి గుండె ఆపరేషనైంది, ఏ చెడ్డ వార్తా చెవిన వెయ్యొద్దన్నారు, ఇద్దరం అనుకునే ఆగాం. ఆరునెల్లకి డాక్టరు ఇక ఫర్వాలేదన్నాడు. నువ్వు ఎండలు తగ్గనీ అన్నావు. తర్వాత కంటి ఆపరేషన్ కానీ అన్నావు. తర్వాత వానలు తగ్గనీ అన్నావు. వానలకీ దీనికీ ఏంటి లంకె?"

"అప్పుడు కప్పు కారుతోంది. ఆవిడ కంగారులో ఉన్నారు."

"ఒకటడుగుతా, కోపం తెచ్చుకోవుగా?"

"అడుగు."

"అసలు నీకు చెప్పాలని ఉందా?"

"..."

"హలో?"

"సిగ్నల్ సరిగ్గా లేదు."

"ఉంది. నువ్వు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది."

"చెప్పాలనే ఉంది. చెప్పాక ఏం చెయ్యాలో తెలీట్లేదు. తొమ్మిదింటికి నేనెళ్ళేసరికి బల్ల మీద రెండు కప్పులు పెట్టి ఉంటాయి. ఇంకా బెల్లు కొట్టకముందే."

"నేనూ పెట్టేదాన్ని. పదకొండేళ్ళు."

"తెలుసు. నేనప్పుడు చూసేవాణ్ణి కాదు."

"..."

"హలో? నీకూ సిగ్నల్ పోయిందా?"

"నాకు బాగానే ఉంది. మూడో వంతెన లోపు చెప్పెయ్యి. నువ్వు చెప్పలేకపోతే ఇవాళ రాత్రి నేను ఫోన్లో చెప్పేస్తా. అది ఇంకా దారుణంగా ఉంటుంది."

"వద్దు. నేనే చెప్తా. ఉంటాను, మీ అమ్మ వస్తున్నారు. టోపీ కొనుక్కున్నారు."

"ఎలా ఉంది?"

"గంపలా ఉంది. ఉంటాను."

అత్తగారు మెట్లు దిగి వచ్చారు.

"ఎవరు, అమ్మాయేనా?"

"అవునత్తయ్యా."

"ఏమంటోంది?"

"మిమ్మల్ని జాగ్రత్తగా చూసుకోమంది."

"మీరేమన్నారు?"

"సరే అన్నాను."

"బాగుంది. మొగుడూ పెళ్ళాలు ఇలా పొడిపొడిగా మాట్లాడుకుంటే గొడవలే ఉండవు. టోపీ ఎలా ఉంది?"

"బాగుంది."

"గంపలా లేదూ?"

"...లేదు."

"కొట్టాయన కూడా లేదనే అన్నాడు. కూర్చోండి, తిందాం. రొట్టె ఇదిగో. రెండు గుడ్లూ మీరే తినండి."

"మీరు?"

"నాకు ఈ పక్క పన్ను కదుల్తోంది. అమ్మాయికి ఎవరో పళ్ళ డాక్టరు తెలుసట. మంచి హస్తవాసి అంది."

"..."

"అయ్యో, నీళ్ళు తాగండి. నెమ్మది. గుడ్డు పొడిగా ఉంటుంది, గొంతుకి అడ్డం పడుతుంది."

"ఎప్పుడంది?"

"ఏమో, పోయిన నెల్లో. మీరెరుగుదురా ఆయన్ని?"

"పెద్దగా ఎరగను."

"నేనూ ఎరగను. ఎరగని మనిషి గురించి మనకెందుకు? తిన్నారుగా, పదండి. మబ్బు పడుతోంది."

"అత్తయ్యా, ఇక్కడే కాసేపు కూర్చుందామా? నేల మీద. మాట్లాడుకుందాం."

"వ్యాను మూడింటికల్లా వస్తానన్నాడు. మాట్లాడ్డానికి నేలే కావాలా? పదండి, పదండి."

మళ్ళీ నది. ఒడ్డున మడత కుర్చీలో ఒకాయన గాలం వేసుకుని కూర్చున్నాడు.

"ఏమండీ, గాలం వేసినాయనా! చేపలు పడుతున్నాయా?"

"మీరొచ్చేదాకా పడ్డాయండీ."

"అయ్యో, మమ్మల్ని క్షమించండి!"

"ఫర్వాలేదండీ. మీరెళ్ళాక పడతాయి."

"మర్యాదస్తుడు. చూశారా అల్లుడుగారూ, పొద్దస్తమానం ఒక్కడే ఎలా కూర్చున్నాడో."

"అత్తయ్యా."

"ఆఁ."

"ఈసారి కొంగ వచ్చినా సరే, ఆవొచ్చినా సరే, నేను చెప్పాల్సింది చెప్పేస్తాను."

"చెప్పండి."

"..."

"చెప్పండి, వింటున్నాను."

"మీరు వింటారనుకోలేదు. అందుకని సిద్ధంగా లేను."

"నిదానంగానే చెప్పండి. మూడో వంతెన ఇంకా దూరం."

"ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలీట్లేదు."

"మొదట్నుంచి."

"మొదట్నుంచంటే... మీకు ఆపరేషనైన రోజుల్లో. మీరు ఆసుపత్రిలో ఉన్నారు. నేను రాత్రిళ్ళు మీ దగ్గర కూర్చునేవాణ్ణి, అమ్మాయి పగలు కూర్చునేది."

"అవును. ఇద్దరూ ఒకేసారి ఎప్పుడూ కనపడలేదు."

"అదే. అదే చెప్తున్నా. ఎందుకంటే అప్పటికే నేనూ అమ్మాయీ—"

"అల్లుడుగారూ, నది చీలింది."

"అత్తయ్యా, దయచేసి మాట మార్చకండి."

"నేను మార్చలేదు. నిజంగానే రెండు పాయలుగా చీలింది. కుడా, ఎడమా?"

"పడవలాయన ఏమన్నాడు?"

"ఎడమ అన్నాడు. కుడి పాయలో రాళ్ళున్నాయన్నాడు. మనం కుడివైపు పోతున్నాం."

"అయితే ఎడమకి వెయ్యండి!"

"ఎడమ వైపు వేస్తే పడవ కుడికి పోతుందని పొద్దున మీరే చెప్పారు."

"అయితే కుడివైపు వెయ్యండి! గట్టిగా!"

"నా దగ్గర తెడ్డు లేదు."

"ఏమైంది?"

"ఒళ్ళో పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. టోపీ ఎగురుతుంటే పట్టుకున్నా, తెడ్డు జారిపోయింది."

"ఎప్పుడు?"

"మీరు మొదట్నుంచి మొదలెట్టినప్పుడు."

"చెప్పొద్దా మరి!"

"మీరు మాట మధ్యలో ఉన్నారు. ఇందాకట్నుంచీ అడ్డొస్తున్నానని బాధపడుతున్నారు కదా అని—"

"అత్తయ్యా, రాయి!"

"ఏదీ?"

"మీ ముందే! వంగండి, ఇటు వంగ—"

పడవ బోల్తా కొట్టింది.

"అత్తయ్యా! అత్తయ్యా! అమ్మా!"

"ఇక్కడే ఉన్నాను."

"నాకు ఈత రాదు!"

"తెలుసు. లేచి నిలబడండి."

"మునిగిపోతున్నా! అత్తయ్యా, పోయేలోపు మీకొక మాట చెప్పాలి—"

"నిలబడి చెప్పండి."

"కాళ్ళు అందట్లేదు!"

"వెల్లకిలా పడుకుంటే ఎవరికైనా కాళ్ళెలా అందుతాయి? లైఫ్ జాకెట్ తేలుస్తోంది మిమ్మల్ని. చెయ్యి ఇటివ్వండి. అది కాదు, ఇంకో చెయ్యి. ఆఁ. ఇప్పుడు లేవండి. చూశారా? మోకాళ్ళ లోతు."

"..."

"ఏదో అంటున్నారు?"

"ఏం లేదు. మీరెలా ఉన్నారు? గుండె? ఆయాసంగా ఉందా? మీ మాత్రలు!"

"నడుముకి కట్టుకున్న సంచిలో ఉన్నాయి. రెండు కవర్లు చుట్టాను. భూగోళం టీచర్ని, నీళ్ళ సంగతి నాకు తెలుసు."

"మోచేతికి నెత్తురు!"

"గీరుకుంది. అరవై తొమ్మిదేళ్ళ మోచెయ్యి, ఇంతకంటే చూసింది."

"ఈ ఇసుకలోకి రండి. ఇలా కూర్చోండి. ఆగండి, జేబురుమాలు కడతాను."

"అదీ తడిసిందే."

"నెత్తురాపడానికి తడిదైనా ఫర్వాలేదు. నొప్పిగా ఉందా?"

"మీరు కట్టేదాకా లేదు. కాస్త వదులు చెయ్యండి. ఆఁ, చాలు. ఇందాక మీరు 'అమ్మా' అన్నారు."

"దెబ్బ తగిలితే ఎవరైనా అంటారు కదా."

"మీకు దెబ్బ తగల్లేదు."

"కంగారులో అనుంటాను."

"అంతేలెండి. 'అత్తయ్యగారూ' అని పూర్తిగా అనేసరికి నిజంగానే మునిగిపోతాం."

"పడవ ఆ కొమ్మకి చిక్కుకుంది, కొట్టుకుపోదు. ఫోను పోయింది. మీ టోపీ కూడా పోయింది."

"మంచిదైంది. గంపలా ఉంది అది."

"నిజమే."

"ఇప్పుడు ఒప్పుకున్నారు. పోయేలోపు ఏదో చెప్తానన్నారు, ఏంటది? పోలేదు కాబట్టి తొందరేం లేదనుకోండి."

"అత్తయ్యా, ఇక మీదట ఆదివారాలు నేను రాలేకపోతే మీకు కష్టమా?"

"ఎందుకు రాలేరు?"

"ఊరికే అడుగుతున్నా. రాలేకపోతే."

"కుళాయి ఎవరు చూస్తారు?"

"ప్లంబర్ని పంపిస్తాను."

"ప్లంబరు వాషర్ మార్చి వెళ్ళిపోతాడు. కూర్చుని చదరంగం ఆడి నా చేతిలో ఓడిపోడు."

"నేను కావాలనే ఓడిపోతున్నానత్తయ్యా."

"కావాలని ఓడేవాడు గుర్రాన్ని అంత దిక్కులేని చావు చావనివ్వడు. మీకు నిజంగా రాదు."

"...రాదు."

"ఫర్వాలేదు. మీ మావయ్యకి బాగా వచ్చు. ఎప్పుడూ గెలిచేవారు. గెలిచి పేపరు చదువుకునేవారు. ఆయన పోయాక ఆ ఎదుటి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. అమ్మాయి వస్తుంది, మంచిదే, కానీ నిలబడే మాట్లాడుతుంది. బండి తాళం చేతిలోనే ఉంటుంది."

"నేనూ అలాగే ఉండేవాణ్ణి."

"మీరు లోపలికే వచ్చేవారు కాదు. అది ఇంకా నయం, నిలబడే బాధ కూడా ఉండేది కాదు మీకు."

"అత్తయ్యా, నన్ను తిట్టండి. పూర్తిగా తిట్టెయ్యండి. అప్పుడు నాకు తేలిగ్గా ఉంటుంది."

"తడిసిపోయినవాణ్ణి తిట్టను. రేపు తొమ్మిదింటికి వస్తారుగా, అప్పుడు చూద్దాం. భోజనానికి ఉండండి. నలుగురం."

"నలుగురమా? ముగ్గురం కదా?"

"నలుగురం. నేను లెక్కల టీచర్ని కాదు గానీ నాలుగు దాకా వచ్చు నాకు."

"నాలుగో మనిషి ఎవరత్తయ్యా?"

"అదిగో, ఎవరో వస్తున్నారు ఒడ్డమ్మట. పుస్తకం పట్టుకుని. పడవల వాళ్ళే అయ్యుంటారు. ఇటు! ఇటు నాయనా!"

వ్యాను నడిపే అతను చంకలో రిజిస్టరుతో ఇసుకలోకి దిగాడు.

"అమ్మగారూ, సార్, ఏం కాలేదు కదా? మూడో వంతెన దగ్గర కూర్చున్నా. ముందు తెడ్డు వచ్చింది. తర్వాత టోపీ వచ్చింది. మనుషులు రాలేదు. అందుకని ఇలా వచ్చా."

"తెలివైనవాడివి. తెడ్డు దొరికిందా?"

"దొరికిందండీ. ఎడమ పాయ అని చెప్పారు కదండీ మావాళ్ళు?"

"చెప్పారు."

"బోర్డు కూడా ఉందండీ."

"చూశాం."

"బోర్డు మీద ఎర్ర బాణం—"

"బాణం కూడా చూశాం నాయనా. పడవే చూళ్ళేదు."

"సరేనండీ. పడవ తిరగబడితే ఇక్కడే వివరాలు రాసుకోవాలండీ, రూలు. రెండు నిమిషాలు. పేర్లు పొద్దున రాసినవే ఉన్నాయి. తిరగబడ్డానికి కారణం?"

"మాటల్లో పడి నీళ్ళల్లో పడ్డాం."

"'అజాగ్రత్త' అని రాయనా అమ్మగారూ?"

"రాసుకో."

"దెబ్బలు?"

"నాకు మోచెయ్యి."

"సార్‌కి?"

"పైకి కనపడేవేం లేవు."

"సరే. ఇద్దరికీ బంధుత్వం?"

"అది రాయక తప్పదా?"

"గడి ఖాళీగా ఉంటే మా ఓనరు ఊరుకోరు సార్. మీ అమ్మగారా?"

"కాదు."

"మరి?"

"నేను ఆవిడకి... అంటే, ఇదివరకు... ఇప్పుడు కూడా ఒక రకంగా... అత్తయ్యా, ఇది మీకు నేను ముందే చెప్పాల్సింది. పొద్దున్నుంచీ చెప్దామనే చూస్తున్నా. నేనూ అమ్మాయీ—"

"మీరుండండి. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి, మాట సరిగ్గా రావట్లేదు. నువ్వు రాసుకో నాయనా. అల్లుడు."

"అ-ల్లు-డు. అయితే అమ్మాయిగారి పేరు, ఫోను నంబరు కూడా కావాలండీ. పక్కన ఇంకో గడి ఉంది, 'భార్య' అని."

"దాన్ని కొట్టెయ్యి."

"అలా కొట్టెయ్యకూడదండీ. అల్లుడు అని రాశాక అదీ నింపాలి—"

"వాళ్ళిద్దరూ విడిపోయి పద్నాలుగు నెలలైంది. ఈయన నాకు అల్లుడు. మా అమ్మాయికేం సంబంధం లేదు."